పద్నాలుగో లంక పాటకు తాత్పర్యం

నమోదు 212, సోమవారం

ఈ వారం కూడా అదే పాట. రేవు దగ్గర తొంభై రెండు సార్లు విన్నాను, నాచు ఆరేసే పందిళ్ళ కింద నూట ఎనభై సార్లు, బట్టలుతికే తొట్టి దగ్గర లెక్క తప్పాను. మా లంక ప్రెసిడెంటు పెచ్చెట్టి వీరభద్రం గారు గడ్డం గీసుకుంటూ పాడింది కూడా ఇందులో కలిపాను. ఆయన పాడితే పాటకు మర్యాద పోతుంది గాని, విన్నది విన్నట్టు రాయాలన్నారు కాబట్టి రాశాను.

నా పేరు వేగుళ్ళ సత్యవేణి. పద్నాలుగో లంకకు వినికిడి ఉద్యోగిని. అంతకుముందు ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. సముద్రం వచ్చి అసలు లంకల్ని మింగేశాక మమ్మల్ని ఈ తేలే దిమ్మెల మీదకు ఎక్కించారు, బడిలో పాఠం చెప్పడానికి యంత్రాన్ని పెట్టారు. నాకు చెవులు బాగా పనిచేస్తున్నాయని ఈ పనిలో వేశారు. జనం ఏం పాడుకుంటున్నారో వినాలి, రాయాలి, దానికి అర్థం చెప్పాలి. ఇంత హాయి ఉద్యోగం ఇంకొకటి లేదు.

ఇవాళ్టి పనులు. తెల్లారగానే మెట్లకు పట్టిన గుల్లలు గీకాను. బచ్చలి తొట్టికి నీళ్ళు పోశాను. బియ్యం నానేశాను. మా పొయ్యిలు అలల కరెంటుతో వెలుగుతాయి. నా వంతు పదకొండుంబావుకి వస్తుంది, ముప్పై అయిదు నిమిషాలుండి ఆరిపోతుంది. ఆ వేడి కూడా ఏమంత వేడి కాదు, కుక్కరు కూత వేయడం మానేసి చాలా కాలమయింది. అందుకని నా అన్నం గిన్నె మీద పక్కింటి మట్టపర్తి ఆదిలక్ష్మి వదిన కూర గిన్నె ఎక్కిస్తాం. నా పొయ్యి ఆరగానే ఆవిడ పొయ్యి వెలుగుతుంది, గిన్నెలు రెండూ పిట్టగోడ మీదుగా అటు వెళతాయి. లంకలో నలభై రెండు ఇళ్ళున్నాయి, అందరిదీ ఇదే పద్ధతి.

ఈ నిమిషాలే మాకు కూలి. నాచు ఆరేసినందుకు ఇంటికి రోజుకు ఇన్ని నిమిషాలని పంపకాల మండలి ఇస్తుంది, వాడనివి దాచుకోవచ్చు, రేపటివి ఇవాళే వాడుకోవచ్చు. ఒడ్డున కొనేవాళ్ళు తగ్గిపోయాక వారానికి మూడు రోజులే పని దొరుకుతోంది. అయినా ఎవరి మొహం చూసినా నవ్వే. దానికి తోడు ఈ పాటొకటి.

పాట కట్టిందీ పాడిందీ ఆదిలక్ష్మి వదిన కూతురు కుసుమ. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పగలు నాచు తిరగేస్తుంది, సాయంత్రం స్నేహితులతో కలిసి రేకు డబ్బాలూ పాత పైపులూ వాయిస్తూ పాడుతుంది. ఇప్పుడు మొత్తం పంతొమ్మిది లంకల్లోనూ పెళ్ళిళ్ళకు ఈ పాటే పెట్టి గెంతుతున్నారట. మా పిల్లేనని చెప్పుకోవడానికి మాకు ఒక నోరు చాలడం లేదు.

నమోదు 213, మంగళవారం

పంపకాల మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇంటికి ఇరవై నిమిషాలే. ఇరవై నిమిషాల్లో అన్నం ఉడకదు గనక పొయ్యిలు పీకి పట్టుకుపోతారట, బదులుగా పూటకో ముద్ద పొట్లం ఇస్తారట. పొట్లం మూల చింపి నోట్లోకి పిండుకోవడమే. నమూనా కూడా పంపారు. వీరభద్రం గారు రుచి చూసి, కాసేపు సముద్రం వైపు చూసి, "పళ్ళు తోంకోటానికి పనికొత్తాదండి" అన్నారు.

తప్పు మాదే. ప్రతి గుమ్మానికీ మండలి వాళ్ళు ఒక కుశలం పెట్టె బిగించారు. శుక్రవారం శుక్రవారం అది "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. మావాళ్ళను ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే ఏమంటారు? "ఆయ్, బాగున్నామండి" అంటారు. కాలు విరిగి మంచాన పడ్డవాడూ అదే అంటాడు. పైగా "తమరెలా ఉన్నారండి?" అని పెట్టెనే ఎదురు అడుగుతారు. అలా ఏళ్ళ తరబడి లంక మొత్తం బాగుందని పెట్టెల్లో పడింది. మండలి వాళ్ళు ముచ్చటపడి మాకు తృప్తి బహుమతి ఇచ్చారు, రెండుసార్లు. ఇంత తృప్తిగా ఉన్నవాళ్ళకు ఇన్ని నిమిషాలెందుకని తొంభై నుంచి అరవై చేశారు, అరవై నుంచి ముప్పై అయిదు చేశారు. తగ్గించిన ప్రతిసారీ మేం అంతకుముందు ఎంత బాగున్నామో అంతే బాగున్నామని చెప్పాం మరి.

ఒక్క దారి ఉంది. అడిగితే జనం నిజం చెప్పరని మండలిలో ఎవరో తెలివైనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టి ఒక రూలు పెట్టారు. అడగకుండా జనం నోట వచ్చిన మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. అంటే జనం తమంతట తాము పాడుకునే పాట, దానికి వినికిడి ఉద్యోగి రాసే తాత్పర్యం. అసలు నా ఉద్యోగం పుట్టిందే అందుకు. ఇన్నాళ్ళుగా నేను పంపినవి అక్కడ ఎవరూ విప్పి చూసినట్టు లేరు. ఈసారి చదివించి తీరాలి. వండుకోకుండా బతకమంటే మావాళ్ళు బతుకుతారేమో గాని, అది మా బతుకు కాదు.

నమోదు 214, బుధవారం

ముందు పాట రాసి పెడుతున్నాను. పేరు మూడో ముద్ద.

చల్లారిపోయాక వస్తావేం బావా
చద్దన్నమైనా సరే సరదాగా రావా
నే తిన్నా నే తిన్నా, నువు తిను బావా
నవ్వుతూ చెబుతున్నా నమ్మేయలేవా

గిన్నేమో పెద్దది, గరిటేమో చిన్నది
గీకుతుంటే చూడు ఎంత బాగ మోగుతున్నది
మొదటి ముద్ద నీదే బావా, రెండోదీ నీది
మూడో ముద్ద అడగకుంటే ముద్దొకటి నీది

బడిలో పిల్లల చేత రాయించినట్టే రాశాను. ముందు ప్రతిపదార్థం, తరవాత తాత్పర్యం.

చల్లారిపోయాక: బావ ఆలస్యంగా రాలేదు, పొయ్యి తొందరగా ఆరిపోయింది. నే తిన్నా నే తిన్నా: ఒకసారి అంటే తిన్నట్టు, రెండుసార్లు అంటే తిననట్టు. ఇది తెలియనివారు మండలిలో ఎవరైనా ఉంటే వాళ్ళమ్మగారిని అడిగి తెలుసుకోవాలి. (ఈ వాక్యం పొగరుగా ఉందని కొట్టేశాను. తరవాత మళ్ళీ రాశాను.) గిన్నేమో పెద్దది: గిన్నె తొంభై నిమిషాల నాటిది, గరిటె ఇప్పటిది. మోగుతున్నది: నిండా ఉన్న గిన్నె మోగదు. మూడో ముద్ద: లేదు కాబట్టి ముద్దు పెట్టి మరిపిస్తున్నది. ఈ ఏడాది లంకలో ఇన్ని పెళ్ళిళ్ళు కావడానికి ఇదే కారణమని నాకు అనుమానం ఉంది గాని, రుజువు లేదు కాబట్టి అది పంపలేదు.

తాత్పర్యం: ఇది డాన్సు పాటే గాని, దీని కడుపులో ఆకలి ఉంది. పని తగ్గి, కూలి తగ్గి, పొయ్యి ఆరిపోతున్న రోజుల్లో జనం తమ కష్టాన్ని తమకే తెలియకుండా చప్పట్లు కొట్టి పాడుకుంటున్నారు. నవ్వుతున్నారు కదా అని కష్టం లేదనుకోకూడదు.

రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. రూలు ప్రకారం ఒక ప్రతి మండలికి పంపి, ఇంకో ప్రతి రేవులో నోటీసు బోర్డుకు అంటించి, ఇంటికి వచ్చి తృప్తిగా కాళ్ళు చాపుకున్నాను.

నమోదు 215, శుక్రవారం

పదిన్నరకు కుసుమ వచ్చింది. బోర్డు మీది కాగితం చేతిలో ఉంది. పీకుకొచ్చిందన్నమాట.

"టీచరు గారండి, ఏటండీ ఇది?"

"తాత్పర్యం" అన్నాను.

"ఇది మా బావ మీద కట్టుకున్న డాన్సు పాటండి. ఆకలేటి, కష్టమేటి? ఆ మాట ఎక్కడన్నా ఉందా అండి అందులో?"

"మరి 'నే తిన్నా' అని రెండుసార్లు ఎందుకు అనిపించావు ఆ పిల్ల చేత?"

"దరువు కోసమండి! ఒకసారి అంటే డబ్బా మీద దెబ్బ సరిపోదండి."

 ముప్పై ఏళ్ళు తాత్పర్యాలు చెప్పాను గాని, కవి గుమ్మంలో నిలబడి కాదనడం ఇదే మొదలు. పాఠ్యపుస్తకాల్లో కవులందరూ ఎప్పుడో పోయినవాళ్ళు కావడం ఎంత సుఖమో ఇవాళ తెలిసొచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు. "మా అమ్మ నిన్నటి నుంచి బయటికి రావట్లేదండి. కూతురు డబ్బా వాయించి మరీ ఇంట్లో తిండి లేదని పంతొమ్మిది లంకలకీ చెప్పేసిందని ఒకటే ఏడుపు. ఆ కాయితం ఎనక్కి తీసేసుకోండి."

"తీసుకుంటే పొయ్యిలు పీకేస్తారు, కుసుమా."

"పీకెయ్యనీండి" అంది గాని, అన్నాక ఆ పిల్ల మొహం మారింది. "పొయ్యి లేపోతే మా అమ్మ ఏం చేత్తాదిలెండి రోజంతా" అని గొణిగి వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. రాసింది తప్పని కాదు. పాట రాసిన మనిషి పక్కింట్లో ఉండగా, గోడ మీదుగా ఒక్క మాట అడగకుండా రాసినందుకు. పదకొండుంబావుకి పొయ్యి వెలిగింది. నా గిన్నె మీదకు ఆదిలక్ష్మి వదిన గిన్నె రాలేదు. నా పొయ్యి ఆరాక నేనే గోడ దగ్గరికి గిన్నె పట్టుకెళ్ళి నిలబడ్డాను. అవతల ఎవరూ అందుకోలేదు. సగం ఉడికిన అన్నమే తిన్నాను. ఏడుపొచ్చింది.

నమోదు 216, శనివారం

మండలి నుంచి జవాబు. తాత్పర్యం చదివారట! వచ్చే గురువారం విచారణాధికారి వస్తారు. పాట రాసినవాళ్ళను ఒక్క మాట అడుగుతారు, లంక చూస్తారు, చివర తన ఎదుట లంక మొత్తానికి కలిపి కుశలం పెట్టెతో ప్రశ్న వేయిస్తారు. పాట రాసినవాళ్ళు కాదన్నా, జనం బాగున్నామన్నా ఉత్తర్వు ఖాయం.

కుసుమ కాదంటుంది. జనం బాగున్నామంటారు. కాబట్టి పొట్లాలు పిండుకోవడం ఎలాగో ఇప్పటినుంచే నేర్చుకోవాలి.

నమోదు 217, ఆదివారం

వీరభద్రం గారు మాత్రం ఆశ వదల్లేదు. పెద్ద పందిట్లో అందరినీ పోగేసి రిహార్సలు పెట్టించారు. నేను అధికారి వేషం. కుర్చీలో కూర్చుని, గొంతు పెద్దది చేసి, "ఎలా ఉన్నారు?" అన్నాను.

"ఆయ్, బాగున్నామండి!" నూట ఎనభై గొంతులు. అందులో వీరభద్రం గారిదే పెద్దది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. నాలుగోసారి ఆయన బెంచీ ఎక్కి, "బాగోలేమండి అనాలండి, బా, గో, లే, మండి" అని అక్షరాభ్యాసం చేయించారు. విడిగా పలికిస్తే అందరూ పలికారు. ప్రశ్న అడిగితే మాత్రం ఒక్కరి నోటా రాలేదు. చివరికి కొప్పిశెట్టి సూర్రావు తాత ముందుకొచ్చి, ఊపిరి పీల్చుకుని, "బాగా... లేమండి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. తాతకు వెంటనే కంగారు పుట్టింది. "అంటే మరీ బాగోలేదని కాదండి, పర్లేదండి, తవరేం అనుకోకండి" అని నాకు దణ్ణం పెట్టాడు.

నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆదిలక్ష్మి వదిన రాలేదు. కుసుమ వచ్చింది గాని, వెనక నిలబడి నా వైపు చూడలేదు.

నమోదు 218, మంగళవారం

ఇంకో తీర్మానం చేశాం. అధికారికి ఏమీ పెట్టకూడదు. కష్టంలో ఉన్నామని చెబుతూ విందు పెడితే ఎవరు నమ్ముతారు? మంచినీళ్ళ గ్లాసు, అంతే. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నప్పుడు ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడకపోవడం నేను గమనించాల్సింది. నేనూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

పక్కింటి గిన్నె ఇవాళ కూడా రాలేదు.

నమోదు 219, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. 

అధికారి పేరు ఈదుల శ్రీపతి గారు. ఎగువన రాళ్ళ మీద కట్టిన నగరం నుంచి వచ్చారు. పడవ కుదుపుకు మొహం పాలిపోయి ఉంది. అయినా దిగీ దిగగానే నవ్వి, "నమస్తే అమ్మా, ఎట్లున్నరు?" అన్నారు.

"ఆయ్, బాగున్నామండి!" అని రేవు రేవంతా అంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పరేషాన్ గాకుండ్రి. పెట్టె ఇంక తెరవలే, గిది లెక్కలకు రాదు" అన్నారాయన. మంచి మనిషే అనిపించింది.

పందిట్లో కూర్చోబెట్టాం. ముందు కుసుమను పిలిచారు. నేను రాసిన తాత్పర్యం ఆయన ఒళ్ళో ఉంది. అక్కడక్కడ గీతలు కూడా పెట్టుకున్నారు. "బిడ్డా, ఈ పాట మీ కష్టం గురించేనా?" అని అడిగారు. ఆదిలక్ష్మి వదిన స్తంభం పక్కన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వారం తరవాత బయటికి రావడం అదే. కుసుమ తల్లినే చూస్తూ, "కాదండి. మా బావ మీద కట్టిందండి" అంది. ఆయన పలక మీద ఏదో రాసుకున్నారు. 

మధ్యాహ్నమయింది. మంచినీళ్ళిచ్చాం. ఆయన తాగుతుంటే సూర్రావు తాత మెల్లిగా వచ్చి, తువ్వాలు కింద నుంచి చిన్న గిన్నె తీసి, "ఊరికే రుచికండి, ఒక్కటేనండి" అని ముందు పెట్టాడు. వంజరం వేపుడు. అది చూసి నాలుగో ఇంటివాళ్ళు గోంగూర తెచ్చారు. ఆ తరవాత ఇక ఆగలేదు. ఎవరికి వారు, పాపం వచ్చిన మనిషి వట్టి కడుపుతో వెళతాడా, మనమొక్కళ్ళం ఒక్క ముక్క పెడితే ఏమవుతుందని వండి దాచుకున్నారు. చింతచిగురు రొయ్యలు, బచ్చలి పులుసు, పీతల ఇగురు, నాచు పచ్చడి, మజ్జిగ చారు. వీరభద్రం గారు కుర్చీ కింద నుంచి గిన్నె తీస్తూ నాకు దొరికిపోయారు. అదే సమయానికి నేను నా సంచిలోంచి కంద బచ్చలి కూర తీస్తూ ఆయనకు దొరికిపోయాను. నలభై రెండు ఇళ్ళు, నలభై రెండు గిన్నెలు. పళ్ళెం చాలక మూడు పళ్ళాలు పక్కపక్కన పెట్టాం.

శ్రీపతి గారు ఆ వరసంతా చూశారు. పలక తీసి ఒక్క మాట రాశారు. వంగి చూశాను. "సమృద్ధి" అని ఉంది.

అయిపోయిందనుకున్నాను. ఆ గిన్నెల వెనక ఒక్కో ఇల్లు రెండు రోజుల నిమిషాలు ధారపోసిందని, రేపు మాకెవరికీ పొయ్యి వెలగదని ఆయనకేం తెలుసు? చెప్పడానికి నోరు తెరిచాను. భోజనం చేస్తున్న మనిషితో ఆ మాట అనలేక మూసుకున్నాను. వడ్డిస్తూ నిలబడ్డాను.

ఆయన మాత్రం ఇష్టంగా తిన్నారు. ఒక్కో కూర పేరు అడిగి మరీ తిన్నారు. ఇంకో పిడికెడు అన్నం పెట్టించుకుని, చెయ్యి ఆపి, "అన్ని మస్తుగున్నయమ్మా. జర పప్పుంటే ఎయ్యుండ్రి" అన్నారు.

ఆదిలక్ష్మి వదిన దగ్గరలో ఉంది. అలవాటుగా "ఇప్పుడే తెత్తానండి" అని గిర్రున తిరిగింది. రెండడుగులు వేసింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మా వైపు తిరగలేదు.

పందిట్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. పప్పు ఎవరైనా తెచ్చే ఉంటారని ప్రతి ఒక్కళ్ళమూ అనుకున్నాం. నలభై రెండు గిన్నెల్లో అది లేదు. మా పక్క విస్తరిలో పప్పు లేకపోవడమంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పెళ్ళిలో పెళ్ళికొడుకు లేడని అప్పుడే గమనించినట్టు అందరం కొయ్యబారి నిలబడ్డాం.

"పప్పు ఉడకదండి."

కుసుమ. వెనక నుంచి ముందుకొచ్చింది.

"ముప్పై అయిదు నిమిషాలకి పక్కింటివి కలిపినా, ఈ వేడికి కందిపప్పు ఉడకదండి. నానేసినా పలుకులుగానే ఉంటాది. ఏడాదిన్నర అయ్యిందండి మా లంకలో పప్పు వండి. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరింట్లో వాళ్ళు, ఇయ్యాల్టికి వద్దులే అనుకున్నాం."

శ్రీపతి గారు చెయ్యి పళ్ళెంలోంచి తీశారు.

"మా బావకి పప్పంటే పేణమండి" అంది కుసుమ. "వాడొత్తున్నాడని మూడు రోజుల నిమిషాలు దాచాను. ఆ రోజు సముద్రం కదల్లేదు, పొయ్యి వేడెక్కలేదు. చద్దన్నం పెట్టి, నేను తినేశాను అన్నాను. వాడేమో, నేనూ తినే వచ్చాను అన్నాడు. ఇద్దరిదీ అబద్ధమేనండి. ఒకళ్ళ అబద్ధం ఒకళ్ళకి తెలిసిపోయి, గిన్నె గీకుతా ఒకటే నవ్వు. ఆ నవ్వే పాట కట్టాను. అది కష్టమని నాకు తెలీదండి. రోజూ ఉండేదే కదా అనుకున్నాను. బోర్డు మీద టీచరు గారు రాసింది చదివితే ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఇప్పుడు తెలుత్తాంది."

గొంతు సవరించుకుంది. "అది డాన్సు పాటేనండి. కాదంటే నేనొప్పుకోను. కానీ టీచరు గారు చెప్పింది కూడా అందులో ఉందండి."

శ్రీపతి గారు చెయ్యి కడుక్కున్నారు. సంచిలోంచి కుశలం పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. "ఇగ నా చేతుల లేదమ్మా. రూలు ప్రకారం గిది అడగాలె, మీరు చెప్పాలె" అని మీట నొక్కారు.

"ఎలా ఉన్నారు?" అంది పెట్టె. ఎప్పటి తియ్యటి గొంతే.

"ఆయ్, బా..." అని పందిరి మొత్తం మొదలుపెట్టి ఆగిపోయింది. ఎవరి నోరూ మూతపడలేదు, ఎవరి నోటా మిగతా మాట రాలేదు. వీరభద్రం గారి పెదాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. సూర్రావు తాతకు చెమట్లు పట్టాయి. ముప్పై ఏళ్ళు మాటలు నేర్పిన నాకు కూడా ఆ ఒక్క మాట గొంతు దాటలేదు.

ఆదిలక్ష్మి వదిన ఇటు తిరిగింది. చెంగు నోటి మీద నుంచి తీసింది.

"బాగోలేమండి" అంది.

"అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి" అంది పెట్టె. పాపం దాని తప్పు కాదు. పెట్టిన నాటి నుంచి ఈ లంకలో అది ఆ మాట వినలేదు.

"బాగోలేమండీ!" వదిన గొంతు రేవు దాకా వినిపించి ఉంటుంది. "నా కూతురు కడుపు మాడ్చుకుని పాటలు కట్టుకుంటాంది. నేను తిన్నానని దానికి చెబుతున్నాను, అది తిన్నానని నాకు చెబుతాంది. ఏం బాగున్నామండి? రాసుకో!" అని పెట్టె మీదకు వంగి చెప్పి, అంతలోనే శ్రీపతి గారి వైపు తిరిగి గొంతు దించి, "తవరు మాత్రం మజ్జిగన్నం తినకుండా లేత్తే నేనొప్పుకోను. చెయ్యి కడిగేసుకున్నారేటండీ?" అంది.

ముందు నవ్వింది ఎవరో తెలియదు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే సూర్రావు తాత "బాగోలేమండి" అన్నాడు, వీరభద్రం గారన్నారు, నేనూ అన్నాను. ఒకసారి నోరు తిరిగాక ఇక పట్టపగ్గాల్లేవు. ఒకావిడ తన మోకాలి నొప్పి కూడా చెప్పేసింది.

శ్రీపతి గారు పలక మీది మాట తుడిచేశారు. పొయ్యిలు పీకరు, పొట్లాలు రావు. ఒకటో తారీఖు నుంచి ఇంటికి అరవై నిమిషాలు. తొంభై సంగతి మండలిలో మాట్లాడతానని మాటిచ్చారు. అన్నీ రాసి సంతకం చేశాక, "ఇగ మీరు కూసుండ్రి. మీరు తినకపోతే నాకు మజ్జిగ దిగదు" అన్నారు.

నలభై రెండు గిన్నెలూ చల్లారిపోయాయి. చాపలు పరిచి వరసగా కూర్చున్నాం. ఆదిలక్ష్మి వదిన వచ్చి నా పక్కనే కూర్చుంది. తన గిన్నెలోంచి పీతల ఇగురు నా పళ్ళెంలో వేసి, మొహం చూడకుండా అంది.

"మీరు రాసిందాంట్లో ఒక తప్పుందండి, వదిన గారూ."

"ఏంటమ్మా?"

"గిన్నె ఖాళీ అయ్యి మోగుతాందన్నారు. కాదండి. మా పిల్ల చెయ్యి బరువు, ఊరికే గట్టిగా గీకుద్ది."

"సరిదిద్దుతాను" అన్నాను. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఒక సంగతి ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకానికి అన్యాయం. పాటలో ఆకలి ఉందని ఊరందరి తరఫునా తాత్పర్యం రాసిన నేను, ప్రతి శుక్రవారం, మొన్న శుక్రవారంతో సహా, పెట్టె అడిగినప్పుడల్లా బాగున్నాననే చెప్పాను. కడుపు నిండా తిని ఎన్నాళ్ళయిందో ఇవాళ పళ్ళెం ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది. కుసుమ వడ్డనకు వచ్చింది. "చాలా అండి, టీచరు గారూ?" అంది.

"చాల్లేదమ్మా" అన్నాను. "ఇంకా పెట్టు."